తొంభై సెకన్లు

మొఖొట్లాంగ్ కొండల్లో జూలై అంటే
బకెట్లో నీళ్ళ మీద గాజు పలక.
ఆరుంపావుకి క్లినిక్ తాళం తీస్తాను.
చేతి తొడుగు పళ్ళతో లాగి
కంప్యూటర్ బొత్తాం నొక్కుతాను.
నల్లటి తెర మీద తెల్లక్షరాలు పరుగెత్తి, పరుగెత్తి
ఒక్క వాక్యం దగ్గర కాళ్ళు పాతేస్తాయి:
డిస్కు కోసం చూస్తున్నాను,
గడువు ఒక నిమిషం ముప్పై సెకన్లు.

ఎర్ర చుక్కలు మూడు
పశువులదొడ్డి కావలివాడిలా అటూ ఇటూ పచార్లు చేస్తాయి.
బయట బెంచీ మీద
దుప్పట్లు మెడదాకా పిన్నులు పెట్టుకున్న జనం.
ముసలి మలెఫు దగ్గు నాకు గోడ ఇవతలినుంచే ఆనవాలు.
ఆమె ఊపిరితిత్తుల బొమ్మ
ఆ డిస్కులోనే ఉంది.

తొంభై అయిపోయింది.
అత్యవసర స్థితి, అంటుంది యంత్రం.
అత్యవసరమంటే ఏమిటో
గోడ అవతలికి వెళ్ళి అడిగి రావాలి ఇది.

మసేరు నుంచి ఫోన్లో ఆఫీసాయన:
"డిస్కు పోయింది. పారెయ్. కొత్తది సెప్టెంబరులో."
పోతే మరి,
తొమ్మిదింటికి ఎండ కిటికీ దాటి బల్ల మీదికొచ్చాక
అదే డిస్కు, అదే తీగ,
పీకి పెడితే పలుకుతుందేం?
చచ్చినవాళ్ళు టీ వేళకి లేవరు.

మొదట ఒక పిచ్చిపని చేశాను, దాచను.
రాత్రి దాన్ని నా దుప్పటిలో చుట్టి పడుకోబెట్టాను.
నర్సు మకాట్లెహో చూసి,
"పాలు కూడా పట్టావా, షెలీసో?"
మర్నాడు పనిచేసింది.
ఆ మర్నాడు చేయలేదు.

అప్పుడు కూర్చుని కెర్నెల్ చెప్పుకున్నదంతా చదివాను,
కోర్టు గుమాస్తా వాంగ్మూలం చదివినట్టు, పైనుంచి కిందికి.
మూడో సెకనులో: కొత్త పరికరం వచ్చింది.
ఎనిమిదో సెకనులో: జవాబు లేదు, తప్పు నూటపది.
నూటపది అంటే వేళ మించిందని.
మళ్ళీ వచ్చింది. మళ్ళీ లేదు.
గడప దాకా వచ్చి
గొంతు పెగలక తిరిగిపోతున్న మనిషి.

చలికి లోపలి నూనె చిక్కబడితే
చక్రం తిరగడానికి బలం ఎక్కువ కావాలి.
నేనేమో చౌకరకం హబ్బుకి మూరెడు తీగ కట్టి
ప్రింటరుతో, మౌసుతో కలిపి
ఒకే కంచంలో వడ్డిస్తున్నాను.
హబ్బు తీసేశాను.
పొట్టి తీగతో వెనక రంధ్రంలో పెట్టాను.
జీను వేసే ముందు మా గుర్రానికైనా
నాలుగడుగులు నడక కావాలి.

ఇంకొకటి మిగిలింది.
పట్టికలో దాని పేరు ఎస్‌డిబి అని రాసుంది.
అది పేరు కాదు, వచ్చిన వరస.
ముందు మెమరీ కార్డు దూరితే ఇదే ఎస్‌డిసి అవుతుంది.
పొద్దున బెంచీ మీద నేనిచ్చే అట్టముక్క నంబర్లూ అంతే.
ఇవాళ్టి రెండు రేపటి ఏడు.
మకాట్లెహో మందు అట్టముక్క చూసి ఇవ్వదు,
రొమ్ము దగ్గర దాచుకున్న బుకానా తీయమంటుంది.
అందులో ఉంటుంది మనిషి.
డిస్కుకీ ఉంది అలాంటిది:
ముప్పైరెండు అక్షరాల గుర్తు, పుట్టినప్పుడు పడ్డది.
కళ్ళద్దాలు తుడుచుకుని
రెండుసార్లు సరిచూసి రాశాను.

పక్కన ఒక మాట చేర్చాను, నోఫెయిల్ అని.
ఇది రాకపోయినా తలుపు తెరువు,
వచ్చినప్పుడు లోపలికి రానీ.
రాసి చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.
మా నాన్న గనులకి వెళ్ళిన ఏడాది
అమ్మ పొయ్యి వెలిగించింది ఇలాగే.

ఈ పొద్దున ఆరుంపావు.
ఎర్ర చుక్కలు కనబడలేదు.
తెర తెరుచుకుంది, డిస్కు చోటు ఖాళీగా.
నలభై లెక్కపెట్టాను, వేళ్ళ మీద, తొడుగుల్లోనే.
చిన్న గరగర.
బల్ల అంచు వణికింది.

"మలెఫు అమ్మమ్మా, రా," అన్నాను.
"నా నంబరు ఐదు కదా," అంది ఆవిడ,
అట్టముక్క ఎత్తి చూపిస్తూ.